ఇంకో ఆరు నెలలు మందులా?

ప్రశ్న: మా అక్కకు 46 ఏళ్లు. ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్ అన్నారు. ఎనిమిది కీమోలు అయ్యాక ఆపరేషన్ చేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపితే ఇంకా 1.8 సెంటీమీటర్ల గడ్డ మిగిలే ఉందనీ, చంకలో ఒక గ్రంథిలో కూడా ఉందనీ రిపోర్టు వచ్చింది. ఇప్పుడు కరెంటు (రేడియేషన్) పెడుతున్నారు. అదయ్యాక ఆరు నెలలు కీమో మాత్రలు వేసుకోవాలట. ‘గడ్డ మొత్తం తీసేశారుగా, మళ్లీ మందులెందుకు? ఇక నావల్ల కాదు’ అంటోంది అక్క. వేసుకోవాల్సిందేనని బావగారు పట్టుబడుతున్నారు. ఎవరు చెప్పేది సరి?
- ఒక చెల్లెలు, తణుకు

జవాబు: అక్క అడిగినది న్యాయమైన ప్రశ్నే. కంటికి కనిపించిన గడ్డ ఆపరేషన్‌తో పోయింది. ఈ మాత్రలు దాని కోసం కాదు. ఎనిమిది కీమోలకు కూడా చావని కణాలు రొమ్ములో మిగిలాయంటే, అలాంటివే ఎప్పుడో రక్తంలో పడి ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో నక్కి ఉండొచ్చు. స్కానింగుకు చిక్కనంత చిన్నవి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 అనే మూడు గుర్తులూ లేని క్యాన్సర్ కాబట్టి హార్మోన్ మాత్రలు గానీ, హెర్సెప్టిన్ లాంటి ఇంజెక్షన్లు గానీ దీని మీద పనిచేయవు. పైగా తిరగబెట్టేది ఎక్కువగా మొదటి మూడు నాలుగేళ్లలోనే. ప్రపంచం మొత్తం మీద రొమ్ము క్యాన్సర్లలో ఈ రకం 10-15 శాతం ఉంటే, మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో 30 శాతం దాకా కనిపిస్తోంది.

డాక్టర్ చెప్పిన మాత్ర బహుశా కేపిసిటబిన్. సరిగ్గా అక్క లాంటి పరిస్థితిలో ఉన్నవారి మీదే జపాన్, దక్షిణ కొరియాల్లో దాన్ని పరీక్షించారు. కీమో తర్వాత ఆపరేషన్ చేస్తే ఇంకా క్యాన్సర్ మిగిలి ఉన్న 910 మందిలో సగం మందికి ఈ మాత్రలు ఇచ్చారు, మిగతా సగానికి ఇవ్వలేదు. ‘క్రియేట్-ఎక్స్’ పేరుతో 2017లో ఫలితాలు వచ్చాయి. వారిలో ట్రిపుల్ నెగెటివ్ వారిని విడిగా తీసి చూస్తే, ఐదేళ్ల తర్వాత మాత్రలు వేసుకోనివారిలో నూటికి 70 మంది బతికి ఉన్నారు. వేసుకున్నవారిలో 79 మంది. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవారిని లెక్కిస్తే తేడా ఇంకా పెద్దది. అటు 56 మంది, ఇటు 70 మంది.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే ఆసుపత్రుల్లో వీటిని ‘మందు పనిచేస్తుందమ్మా, వేసుకోండి’ అనే ఒక్క ముక్కలోకి కుదించేస్తారు. నూరు మంది అక్కలు ఆరు నెలలు మాత్రలు మింగితే, వారిలో 70 మంది మింగకపోయినా ఐదేళ్లు దాటేవారే. ఇంకో 21 మందికి మింగినా ఫలితం దక్కదు. మాత్ర వల్ల నిలబడేది మిగిలిన తొమ్మిది మంది. మన అక్క ఏ గుంపులో ఉందో ముందుగా చెప్పే పరీక్ష ఇంకా రాలేదు. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో తొమ్మిది అంటే చిన్న అంకె కాదు. అంతకంటే తక్కువ లాభానికే వైద్యులు మందులు రాస్తుంటారు. చంకలో గ్రంథి కూడా ఉన్న 46 ఏళ్ల మనిషి విషయంలో మాత్రల వైపే ఈ శీర్షిక మొగ్గుతుంది. కానీ ఆ మొగ్గును బావగారు అక్క మీద అస్త్రంగా వాడకూడదు.

‘నావల్ల కాదు’ అనడంలో అక్క తలచుకుంటున్నది ఎర్రటి కీమో మందు ఎక్కించిన రోజుల్ని కావచ్చు. ఈ మాత్రల కష్టం వేరు. జుట్టు సాధారణంగా మళ్లీ ఊడదు. వాంతులు అంత ఉండవు. బాధంతా అరచేతులకు, అరికాళ్లకు. ఎర్రబడి, మండి, తోలు ఊడి, కొందరికి పగుళ్లు వస్తాయి. క్రియేట్-ఎక్స్‌లో దాదాపు నలుగురిలో ముగ్గురికి ఇది ఎంతో కొంత వచ్చింది. వేడి గిన్నెలు పట్టుకోవడం, చేత్తో బట్టలు ఉతకడం, బిగుతు చెప్పులు దీన్ని పెంచుతాయి. కాబట్టి ఆ ఆరు నెలలు వంటింట్లో అట్లకాడ ఎవరు పట్టుకుంటారన్నది కూడా వైద్యంలో భాగమే. ఇందులో మనవాళ్లు కనిపెట్టిన ఒక చవక ఉపాయం ఉంది. మోకాళ్ల నొప్పులకు రాసుకునే డైక్లోఫెనాక్ జెల్‌ను అరచేతులకు రాయించి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 264 మంది మీద పరీక్షించారు. చెప్పుకోదగ్గంతగా చేతులు దెబ్బతిన్నవారు ఉత్తుత్తి జెల్ రాసుకున్న గుంపులో 15 శాతం ఉంటే, అసలు జెల్ గుంపులో 4 శాతం లోపే. 2024లో ప్రచురించారు. మొదలుపెట్టక ముందే డాక్టర్‌ను అడగాల్సిన సంగతి ఇది.

వేలిముద్రలు అరిగిపోవడం ఇంకో విచిత్రం. సింగపూర్‌కు చెందిన ఒక రోగిని ఈ మాత్రల వల్ల వేలిముద్ర పడక అమెరికా విమానాశ్రయంలో గంటల తరబడి నిలబెట్టేశారని 2009లో ఒక వైద్య పత్రిక రాసింది. మన దగ్గర అయితే రేషన్ దుకాణంలో మిషన్ ‘మళ్లీ పెట్టండి’ అంటుంది. ఆధార్‌ను కంటిపాపతో సరిచూసే వీలుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

నవ్వుకోకూడని ప్రమాదం ఒకటి ఉంది. కొద్దిమందిలో ఈ మందును విరిచి బయటికి పంపే డీపీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. వారికి మామూలు డోసే విషమవుతుంది. దానికి రక్తపరీక్ష ఉంది. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2020 నుంచి ముందుగా పరీక్ష చేయమంటోంది. అది చేయించారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, మొదటి సైకిల్లో విరేచనాలు ఆగకపోయినా, నోరు పుండ్లు పడినా, మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ‘కోర్సు మధ్యలో ఆపకూడదు’ అనే యాంటీబయాటిక్ సూత్రం ఇక్కడ కొంప ముంచుతుంది. నీరసానికని ఇంట్లోవాళ్లు ప్రేమగా కొనిపెట్టే ఫోలిక్ యాసిడ్ బిళ్లలు ఈ మందు దుష్ఫలితాలను పెంచుతాయి. వాటినీ డాక్టర్‌కు చూపించాలి.

బీఆర్‌సీఏ జన్యుపరీక్ష చేయించారో లేదో ఉత్తరంలో లేదు. అందులో లోపం బయటపడితే ఓలాపరిబ్ అనే వేరే మాత్రకు దారి ఉంది. 2021లో వచ్చిన ‘ఒలింపియా’ పరీక్షలో మూడేళ్లకు క్యాన్సర్ లేకుండా ఉన్నవారు ఉత్తుత్తి మాత్రతో 77 శాతం, ఓలాపరిబ్‌తో 86 శాతం. ఈ లోపం కుటుంబంలో సంక్రమించేది కాబట్టి జన్యుపరీక్ష ఫలితం చెల్లెలికి కూడా అవసరమే. ఆమె కూడా పరీక్ష చేయించుకోవాలో లేదో అది తేలుస్తుంది.

ఇక అక్క దగ్గర ఒక మాట అనొచ్చు. ఒప్పుకోవడమంటే ఆరు నెలలకు రాసిచ్చేయడం కాదు. ఒక సైకిల్ వేసుకుని చూడొచ్చు, డోసు తగ్గించమని అడగొచ్చు, మానేయొచ్చు. కరెంటు పూర్తయ్యేదాకా ఆలోచించుకోవడానికి సమయమూ ఉంది.

ప్రశ్న: మా ఆవిడకు కూడా ట్రిపుల్ నెగెటివే. వయసు 39. కీమో తర్వాత ఆపరేషన్ చేస్తే గడ్డ ఆనవాలే లేదన్నారు. కరెంటు పెట్టేసి ఇక మందులు అక్కర్లేదంటున్నారు. మొండి జబ్బు కదా, ఇంకో నాలుగు కీమోలు గట్టిగా ఇప్పిస్తే మంచిది కాదా? డబ్బుకు వెనకాడను.
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఈ భయం పాతది. దాని వల్ల చాలామంది అన్యాయమైపోయిన చరిత్రా ఉంది.

ఆపరేషన్ తర్వాత మూడు మందుల కీమో ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని ఇటలీలోని మిలాన్‌లో బొనడొన్నా బృందం 1976లో చూపించింది. ఆ మూడింటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద చేయించిన పరిశోధన నుంచి వచ్చిన మందు అది. మొదట ఏడాది పాటు, పన్నెండు సైకిళ్లు ఇచ్చేవారు. తర్వాత అదే బృందం ఆరింటితో పోల్చి చూసింది. ఫలితం ఒకటే. అంటే మిగతా ఆరు నెలల వాంతులు ఎందుకూ కొరగాలేదన్నమాట.

అయినా ఆశ చావలేదు. 1980లు, 90లలో అమెరికాలో ఎముక మజ్జ మాడిపోయేంత డోసు కీమో ఇచ్చి, ముందే తీసి దాచిన మూలకణాలను మళ్లీ ఎక్కించే పద్ధతి ఊపందుకుంది. సరైన పోలిక పరీక్షలు జరగక ముందే 20,000 మందికి పైగా మహిళలు చేయించుకున్నారు. ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోకపోతే కోర్టుకెక్కారు. 1993లో కాలిఫోర్నియా జ్యూరీ ఒక రోగి కుటుంబానికి 8.9 కోట్ల డాలర్లు ఇమ్మంది. చివరికి 1999లో పరీక్షల ఫలితాలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. మామూలు డోసు కంటే మేలేమీ లేదు. ఒక్క దక్షిణాఫ్రికా వైద్యుడు వెర్నర్ బెజ్‌వోడా మాత్రం అద్భుతంగా పనిచేసిందని చెప్పాడు. అమెరికా నుంచి నిపుణులు జోహన్నెస్‌బర్గ్ వెళ్లి రికార్డులు తిరగేస్తే అది బూటకమని తేలింది. 2000లో అతనే తప్పు ఒప్పుకున్నాడు. ఈలోపు ఆ చికిత్సకే ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

హనుమకొండ ఆవిడ విషయానికొస్తే, గడ్డ ఆనవాలు లేకపోవడం ఈ జబ్బులో వినదగ్గ అతి మంచి వార్త. తణుకు అక్కకు చెప్పిన మాత్రలు ఈవిడకు ఎందుకు చెప్పలేదంటే, ఆ లాభం క్యాన్సర్ మిగిలినవారిలో కనిపించిందే. స్పెయిన్, లాటిన్ అమెరికా వైద్యులు ట్రిపుల్ నెగెటివ్ రోగులు 876 మంది మీద, మిగిలిందా లేదా అనే వడపోత లేకుండా, మామూలు కీమో తర్వాత అవే మాత్రలు ఇచ్చి చూశారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక మినహాయింపు ఉంది. ముందు కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే, గడ్డ పూర్తిగా కరిగినా ఆపరేషన్ తర్వాత మరికొన్ని డోసులు కొనసాగించడం ‘కీనోట్-522’ పద్ధతి. అది కీమో కాదు. ఆవిడకు ఇచ్చారో లేదో ఫైల్ చూస్తే తెలుస్తుంది. దాచిన డబ్బును క్రమం తప్పని చెకప్‌లకు, జన్యుపరీక్షకు ఉంచడం మేలు.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. అమ్మ గుంటూరులో. 71 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకింది. రెండు రకాల కీమోలు పనిచేయలేదు, మూడోది మొదలుపెడతామంటున్నారు. పగలు కూడా ఎక్కువసేపు మంచం మీదే ఉంటోంది. జబ్బు పేరు ఆమెకు చెప్పలేదు, ‘రక్తం తక్కువైంది’ అన్నాం. ఏ నిర్ణయం తీసుకోమంటారు?
- ఒక కొడుకు

జవాబు: నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి సంగతి తెలియకపోవడమే ఇక్కడ మొదటి చిక్కు. జుట్టంతా ఊడి, మూడు వారాలకోసారి క్యాన్సర్ వార్డుకు వెళ్లొచ్చే మనిషి రక్తం తక్కువని నమ్మిందని ఇంట్లోవాళ్లే నమ్ముతున్నారు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పిల్లలు అమ్మ దగ్గర దాస్తారు, అమ్మ తనకు తెలిసిందని పిల్లల దగ్గర దాస్తుంది.

తణుకు అక్క లెక్కలు ఈమెకు వర్తించవు. అక్కడ లక్ష్యం జబ్బును తుడిచేయడం. ఇక్కడ దాన్ని కొన్ని నెలలు ఆపి, ఆయాసం, నొప్పి తగ్గించడం. తిరుగుతూ, తన పని తాను చేసుకునేవారికి మూడో మందు కూడా ఉపయోగపడొచ్చు. ట్రిపుల్ నెగెటివ్‌లో సాసిటుజుమాబ్ అనే కొత్త మందు 2021 నాటి ‘అసెంట్’ పరీక్షలో మధ్యస్థ ఆయుష్షును 6.7 నెలల నుంచి 12.1 నెలలకు పెంచింది. కానీ మెలకువగా ఉన్న వేళలో సగానికి పైగా మంచం మీదే గడిపేవారికి ఇంకా కీమో ఇవ్వడం సాధారణంగా మంచిది కాదని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2012లోనే తన సభ్యులకు చెప్పింది. మరో అధ్యయనం 2015లో ఇంకో మాట తేల్చింది. చివరి దశలో ఓపికగా ఉన్నవారిలో కూడా కీమో తీసుకున్నవారి ఆఖరి వారం తీసుకోనివారి కంటే కష్టంగా గడిచింది, ఆయుష్షూ పెరగలేదు.

డాక్టర్‌ను ‘ఇంకేమైనా మందు ఉందా’ అని అడిగితే ఉందనే చెబుతారు, ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ‘ఈ మందు పనిచేస్తే అమ్మ ఏం చేయగలుగుతుంది? పనిచేయకపోతే ఎన్ని వారాల్లో తెలుస్తుంది? మీ అమ్మగారైతే ఇస్తారా?’ అని వీడియో కాల్‌లో అడగడం మంచిది. నొప్పికి మార్ఫిన్ ఇచ్చే పాలియేటివ్ వైద్యుడిని ఇప్పుడే కలవాలి, కీమో ఆపేదాకా ఆగక్కర్లేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికో విభాగమే ఉంది. వీలైతే కొడుకు ముందు టికెట్ కొనుక్కోవాలి. అమ్మ పక్కన కూర్చుని ‘నీకేమనిపిస్తోందమ్మా’ అని అడిగితే, మిగతాది ఆమే మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: పిన్నికి హెర్2 పాజిటివ్. కీమో, హెర్సెప్టిన్ తర్వాత కూడా కొంచెం గడ్డ మిగిలింది. పద్నాలుగు ఇంజెక్షన్లు అంటున్నారు. పాత కీమోనే మళ్లీనా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: పాతది కాదు. వాళ్లు చెబుతున్నది టీ-డీఎం1 అయి ఉంటుంది. హెర్సెప్టిన్‌కే కీమో మందును అతికించి, నేరుగా హెర్2 ఉన్న కణాల్లోకి పంపే ఇంజెక్షన్. మూడు వారాలకోసారి ఇస్తారు. 2019లో వచ్చిన ‘కాథరిన్’ పరీక్షలో మూడేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవారు హెర్సెప్టిన్ ఒక్కటే కొనసాగిస్తే 77 శాతం, దీనితో 88 శాతం. దేశంలోనే తయారైన రూపం 2021 నుంచి దొరుకుతోంది, విదేశీ దానికంటే చవక. ఆసుపత్రిలోని ప్రభుత్వ ఆరోగ్య పథకం కౌంటర్‌లో ముందే అడిగి చూడాలి. ప్లేట్‌లెట్లు పడిపోవడం, కాలేయం పరీక్షలు తేడాగా రావడం దీనితో మామూలే కాబట్టి ప్రతి డోసుకు ముందు రక్తం ఇవ్వక తప్పదు.