వాక్యం మధ్యలో గణిత చిహ్నాలు

గత పాఠంలో పుటలో పట్టికను అమర్చడం నేర్చుకున్నారు. పట్టికలో ప్రతి అంకెకూ ఒక గడి ఉంటుంది. వాక్యంలో ఆ సౌకర్యం లేదు. అక్కడ చిహ్నం మాటల మధ్య మాటలా ఇమడాలి. ఈ పాఠం చదివిన తర్వాత మీరు గణిత చిహ్నాలను పుస్తకమంతటా ఒకే తీరున అమర్చగలుగుతారు, ప్రూఫులో తప్పులు గుర్తించగలుగుతారు.

కొన్నేళ్ల కిందట ఒక గణిత పాఠం ప్రూఫు నా చేతికి వచ్చింది. 2³ = 8 అని ఉండవలసిన చోట 23 = 8 అని ఉంది. ఫాంటు మార్చినప్పుడు పైనున్న చిన్న 3 కిందికి దిగిపోయింది. తరగతిలో అయితే ఉపాధ్యాయుడు బోర్డు మీద సరిచేస్తాడు. పని ముగించుకొని రాత్రిపూట ఒంటరిగా చదువుకునే అభ్యాసకురాలు మాత్రం పుస్తకాన్ని అనుమానించదు, తన తెలివినే అనుమానిస్తుంది.

14.1 గీతలన్నీ ఒకటి కావు

కీబోర్డు మీద ఉండే పొట్టి గీత హైఫన్. తీసివేత గుర్తు దానికంటే పొడుగు, కూడిక గుర్తు అంత వెడల్పు. ‘10-12 ప్రశ్నలు’ అంటే పది నుంచి పన్నెండు వరకు. ‘10 − 12’ అంటే −2. రెండింటికీ ఒకే గీత వాడితే తేడా ఎలా తెలుస్తుంది? తీసివేత గుర్తును సింబల్ పట్టికలోంచి తీసుకోండి. దానికి రెండు వైపులా కొద్దిగా ఖాళీ ఉంచండి. ఋణ సంఖ్యలో మాత్రం గుర్తుకూ అంకెకూ మధ్య ఖాళీ వద్దు. −5 లోని గీత పంక్తి చివర మిగిలి, 5 కింది పంక్తికి జారితే చదువరి దాన్ని 5 అనే చదువుతాడు.

గుణకార చిహ్నంతోనూ ఇలాంటి చిక్కే ఉంది. × గుర్తును ఆట్రెడ్ 1631లో అచ్చు పుస్తకంలో వాడాడు. అది ఇంగ్లీషు అక్షరం ఎక్స్‌తో కలిసిపోతుందని లైబ్నిజ్ 1698లో ఒక లేఖలో అభ్యంతరం చెప్పి, చుక్క వాడాడు. మన పాఠాల్లో చుక్క దశాంశ బిందువులా కనబడుతుంది కాబట్టి × ఉంచడమే మేలు. అయితే ఎక్స్ అక్షరాన్ని వాలుగా, గుణకార గుర్తును నిటారుగా ఉంచాలి.

14.2 అంకెకు విభక్తి

ఇది తెలుగు పుస్తకాల్లో ఎదురయ్యే సమస్య, దీన్ని కాస్త నిదానంగా చూద్దాం. అంకె తర్వాత కి రాయాలా, కు రాయాలా? అంకెను పైకి చదవండి. ఎనిమిది, పది, ఇరవై అన్నప్పుడు చివర ఇ, ఐ వినబడతాయి. అందుకే 8కి, 10కి, 20కి. ఐదు, ఏడు అన్నప్పుడు ఉ వినబడుతుంది. కాబట్టి 5కు, 7కు. ని, ను కూడా ఇంతే: 8ని, 7ను. విభక్తిని అంకెకు అంటించి రాయాలా, విడిగా రాయాలా అన్నది మీ ఇష్టం. ఒక పుటలో ‘7కు’, మరో పుటలో ‘7 కు’ అని మాత్రం ఉండకూడదు.

2³ను అని రాస్తే ఒకరు ‘రెండు ఘనాన్ని’ అని, ఇంకొకరు ‘రెండు క్యూబ్‌ను’ అని చదువుతారు. అలాంటి చోట ఒక మాట చేర్చండి: ‘2³ విలువను’. అప్పుడు విభక్తి ఆ మాటకు చేరుతుంది, చిహ్నం జోలికి వెళ్లదు.

వాక్యాన్ని అంకెతో మొదలుపెట్టవద్దు. ‘జవాబు 5. 3తో గుణించండి’ అన్నది ‘5.3తో గుణించండి’ లాగా కనబడుతుంది. ‘జవాబు 5. దాన్ని 3తో గుణించండి’ అంటే ఏ గొడవా లేదు.

14.3 భిన్నాలు, మూలాలు

లవం పైన, హారం కింద పెట్టిన భిన్నం తెలుగు పంక్తిలో ఇమడదు. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి, భిన్నం వాటిని తాకుతుంది. వాక్యంలో 3/4 అని ఏటవాలు గీతతో రాసి, పెద్ద భిన్నాలను విడి పంక్తిలో పెట్టండి. అప్పుడు కుండలీకరణాలు మరిచిపోవద్దు. (2 + 3)/5 విలువ 1. 2 + 3/5 విలువ 2.6. మూలానికీ ఇంతే: పైగీత లేకపోతే √(9 + 16) అని రాయాలి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమే. డొనాల్డ్ నూత్ అనే శాస్త్రవేత్త 1977లో తన పుస్తకం కొత్త ప్రూఫులు చూసి అసంతృప్తి చెంది, ‘టెక్’ అనే అచ్చుకూర్పు ప్రోగ్రామునే తయారుచేసుకున్నాడు. మనకు ఒక చీటీ చాలు. ఏ చిహ్నం ఏ రూపంలో ఉండాలో దాని మీద రాసి, డీటీపీ ఆపరేటరుకు ఒక ప్రతి ఇవ్వండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. సరిచేయండి: ‘మొత్తం 12. 4తో భాగించండి.’
2. సరిచేయండి: ‘15 నుంచి 10ను తీసివేయండి.’
3. ‘6 + 9/3 విలువ 5’ అని అచ్చయింది. జవాబు సరైనదే అయితే ముద్రణలో ఏమి లోపించింది?

జవాబులు

1. మొత్తం 12. దాన్ని 4తో భాగించండి.
2. 15 నుంచి 10ని తీసివేయండి.
3. కుండలీకరణాలు. (6 + 9)/3 అని ఉండాలి. అవి లేకపోతే విలువ 9 అవుతుంది.