ఏ రోగానికి ఎంత పరిశోధన? ధనం నడిచే దారి

కొన్నేళ్ల క్రిందట మాఘమాసంలో ఒక గృహిణి తన తండ్రిగారి రిపోర్టులు పట్టుకొని నా వద్దకు వచ్చినది. క్లోమగ్రంథి క్యాన్సరు. (ఆయుర్వేద గ్రంథాలలోని ‘క్లోమ’ శబ్దం ఏ అవయవాన్ని చెప్పుచున్నదో పండితులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ జీర్ణాశయం వెనుకనున్న గ్రంథి అనే అర్థంలోనే వాడుతున్నాను.) రిపోర్టులు చదివి తలయెత్తేసరికి ఆమె అడిగినది: “శాస్త్రిగారూ, మా పిన్నికి రొమ్ము క్యాన్సరు వచ్చి పన్నెండేళ్లయింది. నిక్షేపంగా ఉంది. నాన్నగారికి నాలుగు నెలలంటున్నారు. దీనికి మందు దొరకలేదా, లేక వెదకాలని ఎవరూ అనుకోలేదా?”

రెండు నెలలకే ఆయన కాలం చేసినారు. ఆనాడు నేను “కర్మ, తల్లీ” అని ఏదో చెప్పి పంపినాను. అది సమాధానం కాదని నాకూ తెలుసు. ఆమె ప్రశ్న చికిత్స గురించి కాదు, వెదుకులాట గురించి. ఆ వెదుకులాటకు ధనం కావాలి. ఆ ధనం ఏ రోగంవైపు ఎందుకు నడుస్తున్నదో తెలుసుకొనుటే ఈ పాఠం.

క్యాన్సరు పరిశోధనపై అత్యధికంగా వ్యయం చేసే ప్రభుత్వం అమెరికాది. అక్కడి జాతీయ క్యాన్సరు సంస్థ 1937లో ఏర్పడినది. 1971 డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో దానికి నిధులు పెరిగినవి. రోగాలవారీగా ముందే వాటాలు వేయటం ఆ సంస్థ పద్ధతి కాదు. శాస్త్రజ్ఞులు పంపిన ప్రతిపాదనలలో మేలైనవాటిని ఎంచి ధనమిస్తుంది. ఏడాది చివర ఏ రోగానికి ఎంత వెళ్లినదో లెక్క చూస్తే మాత్రం ఆశ్చర్యం కలుగుతుంది. ఆ దేశంలో ఏటా రొమ్ము క్యాన్సరుతో సుమారు 42 వేలమంది, ఊపిరితిత్తుల క్యాన్సరుతో దానికి ఇంచుమించు మూడు రెట్లమంది మరణిస్తున్నారు. అయినా రొమ్ము క్యాన్సరు వాటాయే పెద్దది. క్లోమ క్యాన్సరుతో పోయేవారు 50 వేలు దాటినారు. దాని వాటా రొమ్ము క్యాన్సరు వాటాకంటె చాలా తక్కువ.

దీనికి హేతువేమి? రొమ్ము క్యాన్సరు నుండి కోలుకొన్న స్త్రీలు లక్షలలో ఉన్నారు. 1991లో వారి సంఘాలన్నీ ఒక కూటమిగా ఏర్పడి చట్టసభను కదిలించినవి. ఆ మరుసటి సంవత్సరమే చట్టసభ వారి కోసం 21 కోట్ల డాలర్లు కేటాయించినది. అదీ వైద్యశాఖ పద్దులో కాదు, రక్షణశాఖ పద్దులో! పోరాడినవారిని నేను తప్పుపట్టను. వారు పోరాడి ఉండకపోతే మా రోగి పిన్ని ఈనాడు ఉండేదో లేదో. కాని క్లోమ క్యాన్సరు రోగి తరఫున ఎవరు పోరాడాలి? అక్కడ రొమ్ము క్యాన్సరు వచ్చినవారిలో నూటికి 90 మంది ఐదేళ్లు దాటి జీవిస్తుంటే, క్లోమ క్యాన్సరులో దాటేవారు 13 మంది. ఊరేగింపు తీయటానికి బ్రతికి ఉన్నవారు కావాలి కదా! ఊపిరితిత్తుల రోగికి మరొక కష్టం. “పొగ త్రాగినావు, అనుభవించు” అని లోకం ముందే తీర్పు చెప్పి ఉంటుంది. పొగ ఎన్నడూ త్రాగనివారికీ ఆ వ్యాధి వస్తుందని ఆ లోకానికి పట్టదు.

మన శాస్త్రంలో వ్యాధులు సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, అసాధ్యం అని నాలుగు విధాలు. అసాధ్యాన్ని చేపట్టిన వైద్యుడికి ధనహాని, కీర్తిహాని అని పెద్దలు హెచ్చరించినారు. నేటి శాస్త్రజ్ఞుడూ ఈ విషయంలో మనవంటివాడే. ఫలితం కనబడే చోటికే అతని మనసు పోతుంది. అందుకే మొండి క్యాన్సర్ల కోసం ప్రత్యేక ప్రణాళిక వేయాలని 2012లో అక్కడి చట్టసభ ఒక చట్టమే చేయవలసి వచ్చినది.

అయితే రోగానికి కట్టిన కంచె పరిశోధనకు ఉండదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర ఇందుకు నిదర్శనం. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సాధించినది. పాండురోగంలో దాని ప్రయోజనం తెలిసినదే. దాని పనికి అడ్డుతగిలే పదార్థాలను తయారుచేయగా, వాటిలో ఒకదానిని 1948లో బోస్టన్‌లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు పిల్లలపై ప్రయోగించి తాత్కాలికంగానైనా రోగాన్ని వెనుకకు నెట్టినారు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్‌ను ఈనాడు కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. కాబట్టి ఒక రోగానికి పెట్టిన ధనమంతా మరొకరి నోటి దగ్గర కూడు లాగినట్లేనని అనరాదు.

ఆ బృందమే 1947లో బోదకాలుకు హెట్రజాన్ అనే మందును వెలువరించినది. మన కోస్తా పల్లెలలో తరతరాలుగా కాళ్లు వాస్తూనే ఉన్నవి. శ్లీపదం అని మన గ్రంథాలు వర్ణిస్తూనే ఉన్నవి. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన వేలాది అమెరికా సైనికులకు ఆ వ్యాధి సోకిన తరువాతనే దాని మందుకోసం తొందర పుట్టినది. నేడు ప్రభుత్వంవారు ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర అదే. 1975 నుండి 1999 వరకు లోకంలో వెలువడిన 1,393 కొత్త మందులలో ఉష్ణదేశపు వ్యాధులకు, క్షయకు కలిపి 16 మాత్రమే. కొనలేనివాని రోగానికి మందు చేసి ఎవరికి అమ్మాలి?

ఇక మన ఇంటి సంగతి. విశాఖ, శ్రీకాకుళం తీరాలలో అడ్డపొగ అలవాటు ఉన్నది. చుట్ట నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని స్త్రీలు త్రాగుతారు, అంగిలి కాలుతుంది, కొందరికి క్రమేణా క్యాన్సరు అవుతుంది. ఈ బెస్త స్త్రీల అంగిలిని ఏ ఔషధ కంపెనీ పట్టించుకొంటుంది? 1960ల నుండి టాటా మౌలిక పరిశోధనా సంస్థ దంతవైద్యులు శ్రీకాకుళం పల్లెలలో ఇల్లిల్లూ తిరిగి నోళ్లు పరీక్షించినారు. వారికి తోడ్పడినది అమెరికా గోధుమలకు మనం చెల్లించిన రూపాయలలో ఒక భాగం. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన మరొక పరిశోధనలో శిక్షణ పొందిన కార్యకర్తలు దీపపు వెలుగులో నోరు చూచినంతమాత్రాన, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సరు మరణాలు మూడోవంతు తగ్గినట్లు 2005లో తేలినది. ముంబాయి మురికివాడలలో పలుచని వెనిగరుతో గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించగా ఆ మరణాలు నూటికి 31 వంతులు తగ్గినట్లు 2013లో ప్రకటించినారు. దానికీ ధనం అమెరికాదే. టార్చిలైటుకు, వెనిగరుకు పేటెంటు లేదు. లాభమూ లేదు.

ఇంతమందిని అన్న నేను నా తప్పూ చెప్పాలి. మన వైద్యానికి నిధులు లేవని సభలలో వాపోతాము. 1978లో కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి, 2014లో ఆయుష్ మంత్రిత్వశాఖ ఏర్పడినవి. నిధి అడిగేవాడు ముందు ఏమి చూపాలి? 1994లో అడ్డపొగ త్రాగే ఒక ముసలమ్మ అంగిలిపై పుండుతో వచ్చినది. త్రిఫలా కషాయంతో గండూషం చేయించినాను. మంట తగ్గినదన్నది, సంతోషించినాను. ఆరు వారాలు గడిపి ఆసుపత్రికి పంపేసరికి ఎముక వరకు పోయినది. ఆనాటి నా పుస్తకం ఇప్పటికీ ఉన్నది. దానిలో కషాయం కొలత ఉన్నది, పుండు కొలత లేదు. అటువంటి పుస్తకాన్ని ఏ శాస్త్రజ్ఞుల సంఘం ముందు పెట్టగలను?

నాటినుండి ఏ బాధతో వచ్చినవారినైనా నోరు తెరవమంటున్నాను. మీ ఇంటిలోనూ పెద్దల నోరు పగటి వెలుగులో చూడండి. మూడు వారాలకు మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు పూర్తిగా తెరుచుకొనకపోవటం, వీటిలో ఏది కనబడినా పసుపులు, కషాయాలు ప్రయోగించక దంతవైద్యునికో పెద్దాసుపత్రికో చూపండి. వెనిగరు పరీక్ష ఇంటిలో చేసుకొనేది కాదు, శిక్షణ పొందినవారే చేయాలి. 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాల ద్వారా జరపాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చినది. మీ కేంద్రంలో ఏ రోజున చేస్తున్నారో వెళ్లి అడగండి. చేయటం లేదంటే వ్రాతపూర్వకంగా అడగండి.