రిలే తిప్పే ముందు

లింగంపల్లి



హైటెక్ సిటీ టవర్‌లో మెయింటెనెన్స్ పని దొరికిందని మీ అమ్మ చెబితే చాలా సంతోషమేసింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మాదాపూర్ అంటే అందరికీ కంప్యూటర్లే గుర్తొస్తాయి. ఆ కంప్యూటర్లు చల్లగా ఉండాలంటే బేస్‌మెంటులో చిల్లర్ పంపులు, టెర్రస్ మీద కూలింగ్ టవర్ ఫ్యాన్లు తిరగాలి. అవన్నీ త్రీఫేజు మోటార్లే. వాటి బాగోగులు ఇక నీ చేతిలోనే.

మొన్న ఫోనులో ఒక మాటన్నావు. కండెన్సర్ పంపు పదే పదే ట్రిప్పవుతుంటే ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ కాస్త పెంచారని, ఇప్పుడు బాగానే నడుస్తోందని. నాకది నచ్చలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నేమ్‌ప్లేటు చదువు. తర్వాత మెయిన్ ఆపి, తాళం వేసి, టెర్మినల్ బాక్స్ మూత తియ్యి. ఆరు కొసలుంటాయి. ఒక వరుసలోని మూడింటినీ పట్టీలతో అడ్డంగా కలిపితే స్టార్, పట్టీలను నిలువుగా వేస్తే డెల్టా. మన సప్లై లైనుకీ లైనుకీ మధ్య 415 వోల్టులు. డెల్టాలో ఒక్కో వైండింగ్ మీద ఆ 415 మొత్తం పడుతుంది, స్టార్‌లో 240 మాత్రమే. దిగుమతి యంత్రాల్లో కొన్నిటి మీద డెల్టాకు 230, స్టార్‌కు 400 అని ఉంటుంది. అలాంటిదాన్ని ఇక్కడ డెల్టాలో కలిపితే వైండింగ్ చూస్తుండగానే మాడిపోతుంది.

డెల్టా మోటారును స్టార్‌లో వదిలేస్తే మాత్రం వెంటనే తెలియదు. ఖాళీగా హాయిగా తిరుగుతుంది, కరెంటూ తక్కువే చూపిస్తుంది. కానీ టార్క్ మూడో వంతుకు పడిపోయింది కదా, పూర్తి లోడు పడగానే వేగం తగ్గి, కరెంటు పెరిగి, వేడెక్కుతుంది.

స్టార్ డెల్టా స్టార్టర్‌లో దీన్నే మేలుకు వాడుకుంటాం. నేరుగా ఆన్ చేస్తే ఫుల్‌లోడుకు ఆరేడు రెట్లు లాగే మోటారు, స్టార్‌లో మొదలుపెడితే అందులో మూడో వంతే లాగుతుంది. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఆ స్టార్టర్లలో మామూలుగా రిలే ఉండేది వైండింగ్ దారిలో. డెల్టాలో దాని గుండా పోయేది లైను కరెంటులో 58 శాతమే. నేమ్‌ప్లేటు మీద 28 ఆంపియర్లుంటే రిలే 16 దగ్గర ఉండాలి. నువ్వు 28కి పెట్టావనుకో, లైనులో 48 దాటేదాకా అది కదలదు. అప్పటికి రీవైండింగ్‌కు రాణిగంజ్ వెళ్లాల్సిందే.

టాంగ్ టెస్టర్‌తో మూడు లైన్లూ చూడు, ఒక్కటి చూసి వదిలెయ్యకు. వోల్టేజిలో ఒక్క శాతం తేడా ఉన్నా కరెంటులో ఆరు నుంచి పది శాతం తేడా రావచ్చు. ఒక లైను ఎక్కువ చూపిస్తే, సప్లై ఆపి, మూడు వైర్లనూ ఒక్కో స్థానం జరుపు. మూడూ జరుగుతాయి కాబట్టి తిరిగే దిశ మారదు. ఆ ఎక్కువ కరెంటు వైరుతో పాటే జరిగితే లోపం సప్లైలో ఉంది. వెనకటి టెర్మినల్ దగ్గరే నిలిచిపోతే మోటారులో ఉంది. ఈ పరీక్షకు మించింది లేదని నా నమ్మకం.

మూడూ సమానంగానే ఎక్కువ ఉంటే వోల్టేజి చూడు. హీటర్‌కు వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గుతుంది, లోడు మీదున్న మోటారుకు పెరుగుతుంది. వోల్టేజి సరిగ్గానే ఉంటే వాల్వ్ చూడు. సెంట్రిఫ్యూగల్ పంపుకు డెలివరీ వాల్వ్ మరీ ఎక్కువ తెరిచినా కరెంటు పెరుగుతుంది. బేరింగ్ పట్టేసినా అంతే.

రేపు డ్యూటీకి వెళ్లగానే మీ సూపర్‌వైజర్ గారితో చెప్పి ఆ రిలేను ఉండాల్సిన చోటికి దించు. మళ్లీ ట్రిప్పయితే అవ్వనీ, కారణం దొరికేదాకా స్టాండ్‌బై పంపు నడపండి. ఆదివారం ఇంటికొచ్చేటప్పుడు ఆ నేమ్‌ప్లేటు ఫోటో, మూడు లైన్ల రీడింగులు పట్టుకురా. కూర్చుని చూద్దాం.

మీ మామయ్య