చెంగల్వ కోష్టు: ఎండిందని పీకేయకండి



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల హాస్టళ్లలో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న ముగ్గురు స్నేహితులం మేము. మా మూడిళ్లలోనూ డిగ్రీ చదివింది మేమే మొదలు. "ఇంత చదివి పూలమొక్క గురించి రాస్తారా?" అని ఇంట్లో నవ్వారు. అయినా ఈ మొక్క వల్ల మేము నేర్చుకున్నది మీకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాము.

మొక్క పరిచయం: చెంగల్వ కోష్టు తేమ అడవుల్లో, వాగుల ఒడ్డున, చెట్ల నీడలో పెరిగే మన దేశపు మొక్క. శాస్త్రీయ నామం కాస్టస్ స్పీసియోసస్. ఇప్పుడు హెల్లేనియా స్పీసియోసా అంటున్నారు. అల్లం, పసుపులకు దూరపు చుట్టం. ఆకులు కాండం చుట్టూ మెట్లలాగా తిరిగి ఉంటాయి. వానాకాలంలో ఎర్రటి కంకి మీద తెల్లటి పూలు పూస్తాయి. ఒక్కో పువ్వు ఒక్కరోజే ఉంటుంది, మరునాడు ఇంకొకటి విచ్చుకుంటుంది. దుంపలోని డయోస్జెనిన్ స్టెరాయిడ్ మందుల తయారీకి పనికొస్తుంది. అలాగని దుంపను ఎవరూ నోట్లో పెట్టుకోవద్దు.

నాటే విధానం: అడవిలో తవ్వి తేవద్దు. అభయారణ్యాలలో అది నేరం కూడా. నర్సరీలోనో, పెంచుతున్నవారి పెరట్లోనో అడగండి. జూన్‌లో తొలివానలకు, రెండు మొలకకళ్లు ఉన్న దుంపముక్కను సుమారు 5 సెంటీమీటర్ల లోతులో నాటాలి. మొక్కకూ మొక్కకూ 2 అడుగుల ఎడం ఉండాలి. ఉదయపు ఎండ చాలు. మధ్యాహ్నపు ఎండకు ఆకుల అంచులు మాడతాయి.

నేల: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో నీళ్లు నిలిచి దుంప కుళ్లుతుంది. ఇసుక, పెంట ఎరువు కలిపి మట్టిని ఎత్తుగా పోసి నాటండి. పులివెందుల వైపు ఎర్రనేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది. అక్కడ ఆకు ఎరువు ఎక్కువ కలిపి, పైన ఎండుటాకులు గానీ శనక్కాయల పొట్టు గానీ పరవండి. అరటిచెట్ల నీడ దొరికితే మరీ మంచిది.

నీరు: మన జిల్లాలో తాగే నీళ్లకే కరువు చూసినవాళ్లం. అందుకే వంటగదిలో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోయండి. సబ్బునీళ్లు వద్దు. మట్టి తడిగా ఉండాలి, బురదగా ఉండకూడదు.

మేము చేసిన తప్పు: మొదటి ఏడు పూలు బాగా పూశాయి. ఫిబ్రవరికి కాడలన్నీ ఎండిపోయాయి. చచ్చిపోయిందనుకుని మేమే పీకి పారేశాము. బట్టలుతికే బండ పక్కన ఒక్క ముక్క మిగిలిపోయింది. జూన్ వానకు అది మొలిచింది! నీటి ఎద్దడి వస్తే ఈ మొక్క పైన ఎండి, దుంపలో ప్రాణం దాచుకుంటుందని అప్పుడు తెలిసింది. కాబట్టి కాడలు ఎండాక నీళ్లు బాగా తగ్గించండి, దుంపను మాత్రం కదిలించకండి.

మాలో ఒకరు ఇంటర్‌లో లెక్కలు తప్పి, పుస్తకాలు కట్టిపెట్టి బేల్దారి పనికి పోయారు. హాస్టల్ సీనియర్ అన్న ఊరికొచ్చి, వాళ్ల అమ్మతో మాట్లాడి సప్లిమెంటరీ ఫీజు కట్టించాడు. ఆ ఒకరే ఈరోజు మాతో కూర్చుని ఈ వ్యాసం రాస్తున్నారు.

ఈ జూన్‌లో మీ హాస్టల్ పెరట్లో ఒక దుంప నాటండి. సెలవులయ్యాక తిరిగి రాని తమ్ముడు గానీ చెల్లెలు గానీ ఉంటే, వాళ్ల ఊరికి ఒకసారి వెళ్లి రండి.