ఇంటిల్లిపాదికీ మితాహార నియమం

దేవాలయంలో నైవేద్యానికి ఒక వేళ ఉంది, ఒక పరిమాణం ఉంది, ఒక క్రమం ఉంది. ఎంత సంపన్నమైన క్షేత్రమైనా తెల్లవారింది మొదలు రాత్రి వరకు స్వామికి ఎడతెగక ఆరగింపు జరగదు. వేళకు వండి, వేళకు నివేదించి, అందరికీ కొంచెం కొంచెంగా పంచుతారు. అలంపురంలో జోగులాంబ అమ్మవారిని, శ్రీరంగాపురంలో రంగనాయకస్వామిని, నల్లమలలో ఉమామహేశ్వరుని సేవించి ఇంటికి మరలే మనం ఆ నియమాన్ని మన వంటింట్లో పాటిస్తున్నామా అని విచారించుకోవలసి ఉంది.

శ్రీమద్భగవద్గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు అతిభోజనాన్ని, నిరాహారాన్ని రెండింటినీ యోగానికి విఘ్నాలుగానే బోధించాడు. శరీర భారం తగ్గించుకోదలచిన గృహస్థులకు ఇంతకు మించిన ఉపదేశం లేదు. ఏలయనగా నేడు మన ఇండ్లలో ఈ రెండు దోషాలూ ఒకే మనిషిలో కనబడుతున్నాయి.

మారిన జీవనం, మారని వడ్డన

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలు 2016 వరకు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. వానపై ఆధారపడిన ఈ మెట్టనేలలో మన పెద్దలకు జొన్నరొట్టె, తైదంబలి, కొర్రన్నం నిత్యాహారం. వరి అన్నం పండుగ భోజనం. జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వరి పెరిగింది. ఇది దైవానుగ్రహమే. అయితే మూడు పూటలూ అన్నమో, బియ్యపు పిండి పలహారమో అయినప్పుడు, నడక తగ్గినప్పుడు, శరీరం ఖర్చు చేయని శక్తి కొవ్వుగా నిలుస్తుంది. దినమంతా మగ్గం గుంటలో కూర్చునే నేతన్నకు, బస్సులో పక్క మండలానికి వెళ్లి పాఠం చెప్పే ఉపాధ్యాయినికి, ఎండలో కలుపు తీసే కూలి తల్లికి కావలసిన అన్నం ఒకే కొలత కాదు. కాని వడ్డన మాత్రం అందరికీ ఒకటే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వయోజన స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో 32 మంది అధిక భారంతో ఉన్నారు. అదే సర్వే ఈ రాష్ట్రంలో సగానికి మించిన స్త్రీలకు రక్తహీనత ఉన్నదనీ తెలిపింది. అనగా బరువు ఎక్కువ, బలం తక్కువ. ఇట్టి తల్లి కడుపు మాడ్చుకుంటే బరువు కంటే ముందు బలం పోతుంది.

కొలత తెలుసుకోవడం

బరువును కిలోలలో, ఎత్తును మీటర్లలో కొలిచి, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. భారతీయులకు ఆ సంఖ్య 23 దాటితే అధిక భారమని, 25 దాటితే స్థూలకాయమని వైద్యులు పరిగణిస్తారు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి 55 కిలోలు మొదటి హద్దు, 60 కిలోలు రెండవ హద్దు. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటరాదు. వారానికి అరకిలోకు మించి తగ్గాలని ఆశపడరాదు. ఈ కొలతలు పెద్దలకే. ఎదిగే పిల్లలకు వర్తించవు.

ఒకే పొయ్యి, ఒకే వంట

తీరిక లేని తల్లి తనకొక వంట, పిల్లలకొక వంట చేయబూనితే ఆ నియమం పది దినాలు నిలువదు. కావున వంట మార్చక, పళ్లెంలో పాళ్లు మార్చాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో పెద్దవారికి దినానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి 27 గ్రాములు సూచించింది. ఇవన్నీ పచ్చి సరుకుల తూకాలు. మన ఇండ్లలో ధాన్యం, నూనె దీనికి మించుతాయి; కూర, పప్పు దీనికి చాలవు.

కావున బరువు తగ్గవలసిన వారు పళ్లెంలో మొదట కూర, ఆకుకూర సగం వడ్డించుకోవాలి. పావు భాగం పప్పు లేక గుడాలు. మిగిలిన పావు భాగమే అన్నం లేక రొట్టె. అదే కూర, అదే పప్పు, అదే అన్నం పిల్లలకు వారి ఆకలి మేరకు పెట్టి, పాలు, గుప్పెడు పల్లీలు అదనంగా ఇవ్వాలి. ఎదిగే పిల్లల అన్నాన్ని పెద్దల బరువు కొరకు తగ్గించరాదు.

నూనెకు ఒక సులభ పరీక్ష ఉంది. నలుగురు పెద్దలున్న ఇంట్లో నెలకు నూనె, నెయ్యి కలిపి సుమారు మూడున్నర లీటర్లు మించరాదు. ఒక గ్రాము నూనెలో 9 కెలోరీలు, ఒక గ్రాము పిండిపదార్థంలో 4 కెలోరీలు ఉంటాయి. కావున తాలింపు గరిటెను చిన్నదిగా మార్చడమే మొదటి మెట్టు.

జొన్నలు, కొర్రలు తింటే చాలు, బరువు దానంతట అదే తగ్గుతుందనుకోవడం భ్రమ. జొన్నలోని శక్తి బియ్యంలోని శక్తికి దాదాపు సమానమే. అయితే అందులోని పీచు వలన ఒకటి రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది. కాల్చడానికి నూనె అక్కరలేదు. మేలు ఆ మితం వలననే.

వారానికి ఒక సంకల్పం

అంగడి దినాన ఇంటివారంతా కలిసి వారపు వంటలు నిశ్చయించుకోవాలి. పాలకూర, గంగవాయిలి వంటి మెత్తని ఆకుకూరలను మొదటి రెండు దినాలకు, సొర, బీర, వంకాయలను నడిమి దినాలకు, గుమ్మడి, క్యారెట్టులను వారాంతానికి కేటాయిస్తే ఏదీ పాడుకాదు. రాత్రి పడుకొనే ముందు పెసలో, శనగలో, బొబ్బర్లో నానబెడితే ఉదయం పెసరట్టుకు, సాయంత్రం గుడాలకు సిద్ధం. ఉదయం కూరగాయలు దండిగా వేసిన జొన్నరవ్వ ఉప్మా, మధ్యాహ్నం పుంటికూర పప్పు, కొద్ది అన్నం, మజ్జిగ, రాత్రి జొన్నరొట్టె, కూర. రొట్టె చేయడం, కూర తరగడం, నీళ్లు పెట్టడం భర్త, పిల్లలు పంచుకుంటే రాత్రి 8 గంటలకే భోజనం ముగుస్తుంది. తీరిక లేనిది తల్లికి మాత్రమే అనుకున్న ఇంట్లో ఏ నియమమూ నిలువదు.

రెండు అలవాట్లు

పిల్లలు పళ్లెంలో విడిచిన అన్నం పారవేయడానికి మనసొప్పక తల్లి తానే తినివేస్తుంది. అన్నం పరబ్రహ్మమన్న భావన మంచిదే. కాని అవసరం లేని కడుపులో వేసినా అది వృథాయే. మొదట కొద్దిగా వడ్డించి, అడిగితే మారు వడ్డించాలి. అప్పుడు విడువడమూ ఉండదు, తల్లి మిగులు తినవలసిన పనీ ఉండదు.

రెండవది ఒక్కపొద్దు. దినమంతా ఉపవసించి, రాత్రి పూరీలు, మిర్చీలు, మిఠాయిలతో విడిస్తే అది ఉపవాసం కాదు, భోజనాన్ని వాయిదా వేయడమే. మజ్జిగ, పండు, ఉడికించిన పెసలతో మితంగా విడవాలి. పులిహోర, చక్కెరపొంగలి ప్రసాదంగా అరచేతిలో పట్టినంత స్వీకరిస్తే భక్తికి లోటు లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఒక్కపొద్దు ఉండరాదు.

స్వామికి నివేదించే పాత్రను మనం తూచి నింపుతాం. మన పిల్లల కొరకు చిరకాలం నడవవలసిన ఈ దేహాన్నీ అట్లే తూచి పోషించుకోవడం గృహస్థ ధర్మం. ఈ వారం ఇంట్లో తాలింపు గరిటె మార్చి, పళ్లెంలో సగం కూరతో ఆరంభించండి. జోగులాంబ తల్లి అందరికీ ఆయురారోగ్యాలు అనుగ్రహించుగాక.