కాలిన రాళ్ళ దిబ్బ

ఐరోపా ఖండానికి పడమటి కొసన ఐర్లండు ద్వీపమున్నది. అక్కడ వానలు మెండు. పల్లపు నేలలు ఏడాది పొడుగునా తడిగానే ఉంటాయి. ఆ నేలలలో, వాగుల పక్కన, పచ్చిక కప్పిన చిన్న చిన్న దిబ్బలు కనబడతాయి. పైకి చూస్తే వాటిలో వింత ఏమీ తోచదు. పార వేసి చూస్తే నల్లని మట్టి, బొగ్గు, పగిలి ముక్కలైన రాళ్ళు బయటపడతాయి. ఐరిష్ భాషలో వీటిని ‘ఫులఖ్త్ ఫీయ’ అంటారు. ఇటువంటివి ఆ దేశంలో వేల సంఖ్యలో ఉన్నాయి. ఎక్కువభాగం కంచుయుగం నాటివి. అంటే వాటి వయస్సు సుమారు మూడు, నాలుగు వేల సంవత్సరాలు.

ఈ రాళ్ళు ఎందుకు పగిలాయి? ఆనాటి జనం నేలలో గుంట తీసి, లోపల చెక్కలు పరచి తొట్టిగా చేసేవారు. పల్లపు నేల కావడంచేత ఊట నీరు దానంతట అదే చేరేది. పక్కనే మంట వేసి, రాళ్ళను బాగా కాల్చి అందులో వేస్తే నీరు మరిగేది. ఎర్రగా కాలిన రాయి నీటిలో పడగానే పగులుతుంది. పనికిరాని ముక్కలను తీసి చుట్టూ పారబోసేవారు. తొట్టికి రాకపోకల దారి ఒక వైపు విడిచిపెట్టడంవల్ల చాలా దిబ్బలకు గుర్రపు లాడం ఆకారం వచ్చింది.

కార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎం. జె. ఓకెల్లీ 1950ల తొలినాళ్ళలో బాలివోర్నీ అనేచోట ఈ పద్ధతిని స్వయంగా పరీక్షించి చూచాడు. సుమారు 450 లీటర్ల నీరు అరగంటలో మరిగింది. గడ్డి చుట్టిన నాలుగున్నర కిలోల గొర్రెమాంసం 3 గంటల 40 నిమిషాలలో చక్కగా ఉడికింది. మాంసం ఉడకవచ్చునని దీనితో తేలింది. కాని ఆనాటివారు ఉడికించారని తేలలేదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉన్నది. దిబ్బలలో జంతువుల ఎముకలు అరుదుగానే దొరికాయి. అందుచేత స్నానానికనీ, బట్టలకు రంగు వేయడానికనీ, తోళ్ళు పదును చేయడానికనీ, బీరు కాచడానికనీ పండితులు రకరకాలుగా ఊహించారు. ఒక్కొక్క చోట ఒక్కొక్క పనికి వాడి ఉంటారనడమే సబబుగా తోస్తుంది.

ఈ దిబ్బలు అనేకం వెలుగులోకి వచ్చింది రహదారుల నిర్మాణంవల్లనే. రోడ్డు వేయకముందే ఆ నేలను పురాతత్వవేత్తలు పరిశీలించే పద్ధతిని గురించి 2000లో ఆనాటి జాతీయ రహదారుల సంస్థ, ప్రభుత్వం కలిసి ఒక నియమావళి ఏర్పరచుకొన్నాయి. మొదట యంత్రంతో పైమట్టిని పలుచగా తీస్తారు. నల్లమట్టి కనబడిందా, యంత్రం ఆగవలసిందే. ఆపైన తాపీలతో, చేతులతోనే పని. వానలో, బురదలో మోకాళ్ళమీద కూర్చొని పొర తర్వాత పొర గీకుతారు. ప్రతి పొరనూ కొలిచి, బొమ్మ గీసి, ఛాయాచిత్రం తీస్తారు. ఇంత శ్రమకూ నగ కాదు కదా, కుండపెంకు కూడా చాలాచోట్ల దొరకదు. అయితే గాలి తగలని తడిమట్టిలో తొట్టి చెక్కలు చెడకుండా నిలిచి ఉంటాయి. వాటిమీద ఆనాటి గొడ్డలి గాట్లు కూడా స్పష్టంగా కనబడతాయి. బొగ్గు నుండి కాలాన్ని నిర్ణయించవచ్చు. ఏ చెట్టు కట్టె కాల్చారో కూడా చెప్పవచ్చు.

ఒకసారి తవ్విన పొరను తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు రాయకుండా వదిలినది ఇక దొరకదు. పని పూర్తి కాగానే చెక్కలనూ, బొగ్గు సంచులనూ ప్రయోగశాలకు తరలిస్తారు. రోడ్డు యంత్రాలు వచ్చి, ఆ గుంటను కంకరతో పూడ్చి చదును చేస్తాయి.