బుజ్జిగాడికి షుగరొస్తే

కుక్కకి షుగరేంటి అని ముందు మనకి నవ్వే వస్తుంది. వెట్ రిపోర్టు చూపించి, రోజుకి రెండు ఇంజెక్షన్లు, అదీ జీవితాంతం అన్నాక ఆ నవ్వు కాస్తా ఎగిరిపోతుంది. మొన్న మన వెల్లింగ్టన్‌లో, న్యూలాండ్స్ కురింజి కుమరన్ గుళ్ళో నిన్ను చూడగానే అర్థమైంది చెల్లీ, కంటి మీద కునుకు లేదని. ప్రసాదం చేతిలో పెట్టుకుని, "వాడికి ఇక ఇది పెట్టకూడదు కదక్కా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. రా, ఇలా కూర్చో. టీ తాగుతూ మాట్లాడుకుందాం.

ముందు ఆ "నేనేం తప్పు చేశాను" అన్నది పక్కన పెట్టేద్దాం. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి వచ్చే షుగర్ వేరు. కుక్కలది చిన్నపిల్లలకి వచ్చే రకానికి దగ్గర. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే దెబ్బతింటాయి. అందుకే నాన్నగారి మెట్‌ఫార్మిన్ వీడికి పనిచెయ్యదు. మెంతులు నానబెట్టిన నీళ్ళు పట్టు, కాకరకాయ రసం పొయ్యి అని ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా "సరేనండీ" అనేసి ఊరుకో. ఇన్సులిన్ మాత్రం మానకు. ఆడకుక్క ఉన్నవాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పాలి. ఎద వెళ్ళిపోయాక కూడా కొన్ని వారాలు ఒంట్లో ఉండే హార్మోన్లు ఇన్సులిన్‌ని పనిచెయ్యనివ్వవు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించెయ్యమని వెట్ అంటే వాయిదాలు వెయ్యకూడదు.

ఇక సూది. మనకి చేతులు వణుకుతాయి, వాడికేమో అన్నం గిన్నె మీదే ధ్యాస! ఈ సూది వెంట్రుకంత సన్నం. క్లినిక్‌లో నర్సుని అడిగితే ముందు ఉప్పునీళ్ళతో గుచ్చడం నేర్పిస్తుంది. చర్మం కాస్త పైకి ఎత్తి, దాని కింద ఇవ్వడమే. రోజూ ఒకే చోట కాకుండా కాస్త అటూ ఇటూ మారుస్తుండాలి. తిండి తిన్నాకే ఇంజెక్షన్, అంతేగానీ ముందు కాదు. నీకో సంగతి తెలుసా? 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్ కనిపెట్టింది కుక్కల మీద ప్రయోగాలు చేసే. ఈ వేళ నాన్నగారు పొట్ట మీద పొడుచుకునే మందు ఆ కుక్కల పుణ్యమే. అలాంటిది వీడికి రెండు పూటలా మనం ఓ సూది వెయ్యలేమా?

సిరంజి దగ్గర మాత్రం ఈ అక్క పెత్తనం చేస్తుంది, ఏమీ అనుకోకు. కుక్కలకి ఎక్కువగా రాసే కానిన్సులిన్‌లో మిల్లీలీటరుకి 40 యూనిట్లుంటాయి. ఇక్కడ మనుషులు వాడేదాంట్లో మామూలుగా 100. ఇండియాలో 40 యూనిట్ల సీసాలు కూడా అమ్ముతారు కాబట్టి, అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళ బ్యాగులో ఏ సిరంజి దిగుతుందో చెప్పలేం. 100 సిరంజిలో 10 గీత దాకా కానిన్సులిన్ తీస్తే వెళ్ళేది 4 యూనిట్లే. అదే నాన్నగారి 100 ఇన్సులిన్‌ని 40 సిరంజితో 10 గీత దాకా తీస్తే 25 యూనిట్లు! ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి ఫ్రిజ్‌లో నాన్నగారి డబ్బా ఒక అరలో, వాడిది వేరే అరలో. సిరంజిలు కూడా అంతే. వాడేసిన సూదులు చెత్తబుట్టలో పడెయ్యకు, గట్టి డబ్బాలో వేసి క్లినిక్‌కి తీసుకెళ్ళు.

నిజానికి మనం భయపడాల్సింది షుగర్ ఎక్కువైతే కాదమ్మా, తక్కువైతే. ఒక పూట ఎక్కువగా ఉన్నంత మాత్రాన కొంప మునగదు. తక్కువైతే మాత్రం గంటల్లోనే మీదకొస్తుంది. మీ ఆయన పొద్దున్నే ఇచ్చేసి ఆఫీసుకి వెళ్ళిపోతారు, నువ్వు లేచి ఇవ్వలేదేమో అనుకుని ఇంకోటి ఇస్తావు. జరిగేది ఇలాగే. అందుకని ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించు. ఎవరు ఇస్తే వాళ్ళు టైము రాసి టిక్కు పెట్టాలి. టిక్కు లేదు, ఇచ్చామో లేదో గుర్తూ రావట్లేదా? ఆ పూటకి వదిలెయ్. సగం మందు బొచ్చు మీద కారిపోయినా మళ్ళీ గుచ్చకు. తిండి ముట్టకపోయినా, తిన్నది కక్కేసినా ఎప్పటి డోసు ఇవ్వకుండా ముందు వెట్‌కి ఫోన్ చెయ్యి.

తూలుతున్నాడు, వణుకుతున్నాడు, పిలిస్తే అయోమయంగా చూస్తున్నాడు అంటే చిగుళ్ళకి తేనె రాసి వెంటనే ఫోన్. ఖరీదైన మనూకా తేనె సీసా విప్పక్కర్లేదు, మామూలు క్లోవర్ తేనె చాలు! ఫిట్స్ వస్తుంటే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకు, వేళ్ళు పెట్టకు, తిన్నగా క్లినిక్‌కి పరుగెత్తు. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ నంబరు కూడా ఆ కాగితం మీదే రాసి పెట్టుకో.

తిండి దగ్గరే మన గుండె కరిగేది, అవునా? పెరుగన్నం ముద్ద కలిపి పెట్టకపోతే మనకి తృప్తి ఉండదు. కానీ తెల్లన్నంతో షుగర్ సర్రున ఎక్కుతుంది. ఇవాళ అన్నం, రేపు చికెన్, ఎల్లుండి మిగిలిన ఇడ్లీ అంటూ మారుస్తుంటే ఏ డోసూ కుదరదు. వెట్ చెప్పిన ఒకే రకం తిండి, తూకం వేసి, 12 గంటల తేడాతో రెండు పూటలా. లావుగా ఉంటే పీచు ఎక్కువున్నది చెప్తారు. క్లోమం వాపు కూడా ఉంటే కొవ్వు తక్కువున్నది. క్రిస్మస్ హామ్, గొర్రెమాంసం కొవ్వు ముక్కలు బల్ల కిందకి జారకుండా చూసుకో.

అసలు చిక్కు అత్తగారితో. ఆవిడకి వాడంటే ప్రాణం. వద్దంటే నొచ్చుకుంటారు, చాటుగా మేరీ బిస్కెట్ పెడతారు. గిన్నెడు ఉడికించిన బీన్స్ ముక్కలు ఆవిడ చేతికే ఇచ్చి, "అత్తయ్యా, వీడి చిరుతిండి పూచీ మీదే" అని చెప్పు. ఇక ఇంకెవర్నీ పెట్టనివ్వరు చూడు. పాయసంలో కిస్‌మిస్‌లు, కూరలో ఉల్లిపాయలు ఏ కుక్కకీ పడవు. నాన్నగారి కోసం కొన్న షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో జైలిటాల్ ఉండొచ్చు. మనకి మంచిదే, కుక్కకి విషం. పై అరలో పెట్టు.

మీటర్ అంకెలు చూసి కూడా కంగారుపడతాం. ఇక్కడ కొలత మిల్లీమోల్స్‌లో. మన ఊరి లెక్కకి మార్చాలంటే 18తో గుణించాలి. "15 వచ్చింది పిన్నీ" అంటే అంత తక్కువా అని పిన్ని గుండెలు బాదుకుంటుంది, నిజానికది 270. రోజంతా మామూలు కుక్కలా 5, 6 రావాలని ఏ వెట్టూ అనరు. 3.5 కంటే దిగితేనే పరుగు. అంకె చూసి సొంతంగా డోసు పెంచావో, నాతో మాట్లాడకు! దానికంటే నీళ్ళ గిన్నె కొలువు. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటి తాగుతున్నాడంటే షుగర్ అదుపులో లేదనే. 10 కిలోల వాడికి లీటరన్నమాట. వారానికోసారి బరువు కూడా చూడు.

ఈ ఊరి సంగతులు కొన్ని ఉన్నాయి. సదర్లీ గాలి మొదలైతే నాలుగు రోజులు లయల్ బే బీచ్ వైపు అడుగు పెట్టలేం. నడక ఆగినా షుగర్ మారుతుంది, ఇంట్లోనే కాసేపు ఆడించు. సెప్టెంబరు ఆఖరి ఆదివారం, ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు మారతాయి కదా, వాడి పొట్టకి ఆ సంగతి తెలియదు. నాలుగు రోజుల ముందు నుంచే రోజుకి పావుగంట చొప్పున జరుపుకుంటూ రా. 2016 నవంబరు 14న అర్ధరాత్రి దాటాక వచ్చిన కైకోరా భూకంపం మర్చిపోలేదుగా? ఎమర్జెన్సీ సంచిలో మన నీళ్ళు, బియ్యంతో పాటు వాడికి వారానికి సరిపడా తిండి, సిరంజిలు కూడా ఉండాలి. ఇన్సులిన్ సీసా అయిపోయే దాకా ఆగకుండా ముందే ఇంకోటి తెచ్చుకో. గడ్డకడితే పనికిరాదు కాబట్టి ఫ్రీజర్ దగ్గర పెట్టకు.

కళ్ళు తెల్లబడొచ్చు, ముందే చెప్తున్నా. షుగర్ ఉన్న కుక్కల్లో చాలావాటికి శుక్లాలొస్తాయి. ఆపరేషన్ ఉంది. అది కుదరకపోయినా ముక్కుతో ఇల్లంతా తిరిగేస్తాడు, సోఫా మాత్రం అటూ ఇటూ జరపకు.

మరి ఇండియా ప్రయాణం ఎలా అంటావు. తప్పకుండా వెళ్దువుగాని. క్లినిక్‌లో అడుగు, నర్సులు కొందరు ఇలాంటి వాటిని ఇంట్లో పెట్టుకుని చూస్తుంటారు. ఎవరు చూసుకునేదీ తేలాక వాళ్ళని మీ ఇంటికి పిలిచి, నీ కళ్ళ ముందే రెండు మూడు పూటలు వాళ్ళ చేత్తో ఇంజెక్షన్ ఇప్పించు. టికెట్లు ఆ తర్వాతే కొను.